జోడీ ఎందుకు ఆగింది

ఆమెను ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. చిన్నప్పుడు ఒక్క నిమిషం నోరు మూతపడేది కాదని పిన్ని పెట్టిన పేరు అది. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చి, పీహెచ్‌డీలో మూడో ఏడు నడుస్తున్నా ఆ పేరు వదల్లేదు. వారంలో రెండు రోజులు యూనివర్సిటీలోనూ, మూడు రోజులు వీడియో గేములు తయారుచేసే ఒక కంపెనీలోనూ పనిచేసేది. రెండింటికీ మధ్య ఒప్పందం అలా కుదిరింది. డిగ్రీ యూనివర్సిటీది, సమస్య కంపెనీది, తలనొప్పి మాత్రం పిచ్చుకది. కంపెనీలో ఆమెను యూనివర్సిటీ పిల్ల అనేవారు. యూనివర్సిటీలో కంపెనీ పిల్ల అనేవారు. ఈ పిల్ల మాది అని ఎవరూ అనకపోవడం ఆమెకు అలవాటైపోయింది.

కంపెనీ తయారుచేస్తున్నది ఇద్దరు కలిసి ఆడే ఆట. ఇద్దరు మనుషులు ఒక ఇంటి సామాను మరో ఇంటికి చేరవెయ్యాలి. బీరువాకు ఒకరు ఈ కొస, ఇంకొకరు ఆ కొస పట్టుకుని మెట్లు దిగాలి, ఇరుకు వసారాలో మలుపు తిరగాలి, నిలువుటద్దం పగలకుండా గుమ్మం దాటించాలి. ఒకరు తొందరపడితే రెండోవాళ్ళు గోడకు అతుక్కుపోతారు. పక్కన మనిషి ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే ఆట. మరి పక్కన ఎవరూ లేనివాళ్ళ మాటేమిటి? పిచ్చుక పరిశోధన అంతా ఆ ప్రశ్న మీదే. మనిషికి బదులు రెండో కొస పట్టుకోవడానికి, కృత్రిమ మేధతో నడిచే తోడును ఆమె తయారుచెయ్యాలి. ఆఫీసులో దానికి జోడీ అని పేరు పెట్టారు.

జోడీ తనతో తానే కోట్లసార్లు ఆడుకుని ఆట నేర్చుకుంది. నేర్చుకుందనడం కన్నా ఆటను నమిలి మింగేసిందనడం నయం. ఎంత ఇరుకు గుమ్మమైనా రెప్పపాటులో దాటించేసేది. ఒక్క గాజు గ్లాసు పగిలేది కాదు. చిక్కల్లా ఏమిటంటే, దానితో ఆడినవాళ్ళు ఇరవై నిమిషాలకే లేచి వెళ్ళిపోయేవారు.

ఎందుకు వెళ్ళిపోతున్నారో నస మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయన అక్కడ టెస్టరు, అంటే ఆట బయటికి వెళ్ళకముందే ఆడి తప్పులు పట్టుకునే మనిషి. యాభై రెండేళ్ళు. ఆఫీసులో అందరికన్నా పెద్ద. ఏ ఆట చేతికిచ్చినా లోపాలన్నీ వెతికి, పేజీలు నింపి, నింపినవాటిని మళ్ళీ నోటితో కూడా చెప్పేవాడు. అందుకని ఆ పేరొచ్చింది. దానికాయన ఏమీ అనుకోకపోగా మెయిళ్ళ కింద కూడా అలాగే సంతకం పెట్టేవాడు.

"బీరువాని నేను మొయ్యట్లేదమ్మా," అన్నాడాయన. "అది బీరువాతో పాటు నన్ను కూడా మోసుకుపోతోంది."

ఆ మాట నిజమని పిచ్చుకకు తెలుసు. జోడీ దృష్టిలో అవతలి మనిషి కూడా ఒక బరువే. దాన్ని మార్చడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. వేగం తగ్గిస్తే నత్తలా పాకింది. కావాలని తప్పులు చేయిస్తే, నటిస్తోందని ఆడేవాళ్ళకు ఇట్టే తెలిసిపోయింది. గేమ్ డైరెక్టరు మంచి మనిషే గానీ, ఆవిడ మీద ఇరవై ఆరుగురి ఏడాది శ్రమ బరువు ఉంది. కొత్త ఆటలను జనానికి చూపించే పెద్ద ప్రదర్శన ఆరు వారాల్లో ఉందనీ, ఆలోగా జోడీతో ఆడబుద్ధి కాకపోతే ఆటలోంచి తీసేస్తాననీ ఆవిడ మెత్తగానే చెప్పింది. యూనివర్సిటీలో ప్రొఫెసరుగారికి ఈ సంగతి చెబితే, పనిచెయ్యలేదన్నది కూడా ఒక ఫలితమే, అదే రాసెయ్యమన్నారు. పిచ్చుకకు ఆ ఓదార్పు బొత్తిగా ఎక్కలేదు.

ఆమె ఉండేది పిన్ని ఇంట్లో. యూనివర్సిటీకి రెండు బస్‌స్టాపుల దూరం. పిన్ని డ్రైవింగు స్కూల్లో టీచరు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, పక్క సీట్లో వాళ్ళకి దారి చెప్పడం పగలంతా ఎలాగూ తప్పదు, ఇంటికొచ్చాక కూడా దేనికి అనేది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక మరచిపోయిన గుర్తింపు కార్డు ఇవ్వడానికి పిన్ని ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు ఆట ఆడి చూడటానికి రావలసిన మనిషి రాలేదు. నస మాస్టారు రెండో రిమోటు ముందు పెట్టుకుని ఖాళీగా కూచున్నాడు. మీరు కాసేపు ఆడతారా అని మాటవరసకు అడిగాడు. పిన్ని చేతిసంచీ పక్కన పెట్టి, రిమోటును అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో క్లచ్చి ఏదండీ అంది.

మొదటి పదినిమిషాలు ఆట చూడలేనట్టుగా సాగింది. పిన్ని ఒక బటనుకు బదులు ఇంకోటి నొక్కి, మేడ మీంచి పరుపును నస మాస్టారి నెత్తిన పడేసింది. తరవాత మెల్లగా చెయ్యి తిరిగింది. అరగంట గడిచేసరికి పక్క బల్లల దగ్గరివాళ్ళు కూడా లేచి వచ్చి నిలబడ్డారు. నస మాస్టారు పళ్ళు కనపడేలా నవ్వడం వాళ్ళలో కొందరు అదే మొదటిసారి చూడటం.

పిచ్చుక వెనక నిలబడి తెర వంక కాక పిన్ని చేతుల వంక చూసింది. నస మాస్టారు తన వృత్తిధర్మం కొద్దీ కావాలని తప్పుగా తిప్పుతున్నాడు. పిన్ని లాగలేదు, తొయ్యలేదు. తన కొస కదలకుండా పట్టుకుని ఊరుకుంది. ఆయన తప్పు తెలుసుకుని వెనక్కి తిప్పుకున్నాక, అప్పుడు కదిలింది. అద్దం నిజంగా గోడకు తగలబోయినప్పుడు మాత్రం, ఆయనకు తెలియనంత తేలిగ్గా ఇటు లాగేసింది. ఇద్దరూ గంటన్నర ఆడారు.

సాయంత్రం బస్సులో పిచ్చుక అడిగింది, అటు కాదు ఇటు అని చెప్పెయ్యొచ్చుగా పిన్నీ అని.

"చెప్తే వింటారు. విని మర్చిపోతారు," అంది పిన్ని. "రెండు సెకన్లు ఊరుకుంటే వాళ్ళే తెలుసుకుంటారు. ఆ ఊరుకున్నందుకేనే నాకు జీతమిచ్చేది."

ఆ రెండు సెకన్లు పిచ్చుక బుర్రలో తిష్ఠ వేశాయి. జోడీకి ఆట వచ్చు, ఊరుకోవడం రాదు. పిన్నికి ఊరుకోవడం వచ్చు. ఆఫీసులో టెస్టింగు యంత్రాల మీద ఎవరేం ఆడినా, ఏ బటను ఏ క్షణాన నొక్కారో అంతా దానంతటదే రికార్డు అవుతుంది. పిన్ని ఆడిన గంటన్నరా అక్కడే ఉంది.

యూనివర్సిటీ నియమం ఆమెకు తెలియంది కాదు. మనుషుల ఆటను పరిశోధనకు వాడుకోవాలంటే ముందుగా వాళ్ళకు చెప్పాలి, సంతకం తీసుకోవాలి, సొంత బంధువులను అసలు తీసుకోకూడదు. ఇది పరిశోధనకు కాదు, ఊరికే చూద్దామని, అనుకుంది పిచ్చుక. నాలుగు రోజులు జోడీకి ఆ రికార్డు చూపించి, ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఒక్క విషయం నేర్పించింది.

అయిదో రోజు నస మాస్టారు కొత్త జోడీతో కూచుని రెండు గంటలు లేవలేదు. కంప్లయింట్ల కాగితం మీద ఒకే ఒక్క లైను రాశాడు, కుర్చీ బాగాలేదని. డైరెక్టరు వచ్చి తానే ఆడింది. మెట్ల మలుపుల దగ్గర జోడీ ఆగి, అవతలికి తొంగిచూసినట్టు నిలబడి, తరవాత కదలడం ఆవిడకు తెగ నచ్చింది. అచ్చం మనిషిలా ఉందే, ఇది నువ్వు పెట్టిందేనా అని అడిగింది. తాను పెట్టలేదనీ, పిన్ని ఆట రికార్డులోంచి అదే పట్టుకున్నట్టుందనీ చెప్పింది పిచ్చుక. డ్రైవింగు టీచరు దగ్గర నేర్చుకున్న జోడీ అని ప్రదర్శనలో మీ పిన్నిగారి ఫోటో పెడదామా అంది డైరెక్టరు ఉత్సాహంగా. పిచ్చుక నేల మీద నడవలేదు ఆ రోజు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె భోజనాల బల్ల మీదే కంప్యూటరు పెట్టి, పిన్ని చేతికి రిమోటిచ్చింది. నస మాస్టారికి బదులు ఈసారి జోడీతో ఆడమంది. ఇంకేమీ చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని ఆమె సరదా.

పిన్ని హుషారుగానే మొదలుపెట్టింది. ఇదెవరో పద్ధతైన మనిషిలా ఉందే అని మెచ్చుకుంది. రెండు గదుల సామాను దించేశారు. మూడో అంతస్తు వసారా చివర, అవతల ఏముందో కనపడని మలుపు ఒకటుంది. అక్కడికి రాగానే జోడీ ఆగింది. రెండు సెకన్లు కాదు, చాలాసేపు. తరవాత మెల్లగా కదిలింది. కింది అంతస్తులో అలాంటి మలుపే వచ్చింది. అక్కడా ఆగింది. మూడోచోట కూడా ఆగేసరికి పిన్ని రిమోటు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడ ఆగమని నువ్వు నేర్పావా?"

"నేను కాదు పిన్నీ. నువ్వే."

పిచ్చుక పొంగిపోతూ అంతా చెప్పేసింది. ఆ గంటన్నర రికార్డు, నాలుగు రోజుల పని, నస మాస్టారి ఒంటి కంప్లయింటు, డైరెక్టరు మెచ్చుకోలు, ఫోటో. చెబుతూ చెబుతూ, పిన్ని తన వంక చూడటం లేదని గమనించి ఆగిపోయింది.

పిన్ని లేచి గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చి కూచుంది. అప్పుడు చెప్పింది, పదిహేడేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి. డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టిన అయిదో ఏట, మూడో క్లాసుకు వచ్చిన ఒకావిడ కారు నడుపుతోంది. ఇళ్ళ మధ్య సందులో ఒక మలుపు. ఆవిడ కాస్త వేగంగా తిప్పుతోందని పిన్నికి తెలుసు.

"రెండు సెకన్లు ఊరుకుంటే తనే తెలుసుకుంటుందనుకున్నా," అంది పిన్ని. "ఆ రోజు కూడా ఊరుకున్నానే."

మలుపు అవతల సైకిలు మీద ఒక పెద్దాయన వస్తున్నాడు. తప్పు పక్కన వస్తున్నాడనీ, ఇందులో కారు వాళ్ళ తప్పు లేదనీ తరవాత విచారణలో తేల్చారు. ఆయన కాలు రెండుచోట్ల విరిగింది. ఆరు నెలలకు కర్రతో నడిచాడు, ఏడాదికి కర్ర లేకుండా నడిచాడు. ఆ నేర్చుకునే ఆవిడ మాత్రం మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. పిన్ని సెలవు పెట్టి రెండు నెలలు అక్కగారింట్లో ఉండిపోయింది. నడుం పట్టేసిందని చెప్పింది.

పిచ్చుకకు ఆ రెండు నెలలు బాగా గుర్తు. అప్పుడామెకు పన్నెండేళ్ళు. బడి నుంచి రాగానే పిన్నితో పేకాట, అష్టాచెమ్మా. తన చిన్నతనంలో అంత సంతోషంగా గడిచిన రోజులు ఇంకెప్పుడూ లేవని ఆమె చాలాసార్లు అనుకుంది. పిన్ని నడుం నొప్పికి లోపల్లోపల మురిసిపోయింది కూడా.

"మలుపుల దగ్గర ఆగుతానని నాకే తెలీదు," అంది పిన్ని. "నీ మెషీనుకి తెలిసిపోయింది. దాన్ని పట్టుకెళ్ళి నలుగురిలో పెడతావు. చూసినవాళ్ళు బాగుందంటారు."

పిచ్చుక కంప్యూటరు మూసేసింది. "నిన్ను అడగాల్సింది పిన్నీ," అంది.

"అడిగుంటే ఇచ్చేదాన్నేమో. ఏం ఇస్తున్నానో తెలిసి ఇచ్చేదాన్ని." పిన్ని బల్ల మీది గిన్నెలు తీసుకుని లేచింది. "సరేలే, ఉంచుకో. నా మూలంగా నీ మూడేళ్ళూ పోవడం నాకిష్టం లేదు."

ఆ తరవాత పిన్ని కోప్పడలేదు, ముభావంగా లేదు. పొద్దున్నే టీ పెట్టింది, బస్సు వేళయిందని హెచ్చరించింది. కాకపోతే పిచ్చుకను పిచ్చుక అని పిలవడం మానేసి, బడి రిజిస్టర్లో ఉన్న అసలు పేరుతో పిలిచింది. ఆ పేరు పిన్ని నోట వినడం పిచ్చుకకు చెంపదెబ్బలా తగిలింది.

సోమవారం ఆమె తిన్నగా ప్రొఫెసరుగారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తన దగ్గర చదివినవాళ్ళలో తప్పు చేసినవాళ్ళు రెండు రకాలనీ, దొరికిపోయాక వచ్చి చెప్పేవాళ్ళు ఒకరకం, దొరక్కముందే వచ్చి చెప్పేవాళ్ళు ఒకరకమనీ, ఆమె రెండో రకమనీ అన్నారు. తిట్లు మాత్రం ఇద్దరికీ ఒకటేనని చెప్పి అరగంట సేపు తిట్టారు. తిట్టడం అయ్యాక, ఆ జోడీని చెరిపేసి, జరిగింది జరిగినట్టు, పరిశోధనల నియమాలు చూసే కమిటీకి తనే ఉత్తరం రాసుకోమన్నారు. ఉత్తరం చిత్తుప్రతిలో రెండు వాక్యాలు ఆయనే దిద్దారు.

డైరెక్టరు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ప్రదర్శన మూడు వారాల్లో ఉంది. కంపెనీ యంత్రాల మీద రికార్డయింది కంపెనీదే అని ఒప్పందంలో ఉందని ఆవిడ గుర్తుచేసింది. అందులో అబద్ధమేమీ లేదు. మీ పిన్నిగారే ఉంచుకోమన్నప్పుడు నీకేమిటి బాధ అని కూడా అడిగింది. చెరిపెయ్యాలండి అని మాత్రం అంది పిచ్చుక.

తలుపు దగ్గర నస మాస్టారు చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నట్టున్నాడు.

"ఆ రికార్డులో సగం నాదండి," అన్నాడు. "రెండో కొస పట్టుకున్నది నేను. నన్ను కూడా ఎవరూ అడగలేదు."

డైరెక్టరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. గోడ మీది బోర్డు దగ్గరికెళ్ళి, ప్రదర్శన జాబితాలో జోడీ అన్న పేరు తుడిచేసింది. తుడిచి, చేతికంటిన మసి చూసుకుంటూ, "తీసెయ్యమ్మా," అంది. "నన్ను ఎదిరించి తీసేసినట్టు వద్దు. నేను చెప్తే తీసేసినట్టు తీసెయ్."

ఆ మధ్యాహ్నమే చెరిపేశారు. నస మాస్టారు ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివి టిక్కు పెట్టాడు, పిచ్చుక ఒక్కొక్కటే తీసేసింది. నాలుగు రోజులు నేర్చుకున్నది నలభై నిమిషాల్లో పోయింది. అంతా అయ్యాక, పరుపు తన నెత్తిన పడ్డ ముక్క ఒక్కటైనా ఉంచుకుంటే బాగుండేదని ఆయన నిట్టూర్చాడు.

ఇంటికెళ్ళి చెబితే పిన్ని పిచ్చిపిల్లా అంది. మళ్ళీ వారానికి, స్నానాల గదిలోంచి, "ఒసే పిచ్చుకా, పొయ్యి మీద పాలు చూడు," అని కేకేసింది. అప్పటికే సగం పాలు పొంగిపోయాయి. పిచ్చుక పొయ్యి తుడుస్తూ కళ్ళు కూడా తుడుచుకుంది.

ప్రదర్శనలో జోడీ లేకుండానే ఆటను చూపించారు. ఇద్దరిద్దరుగా వచ్చినవాళ్ళు బాగా నవ్వారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు. వాళ్ళు ఎంతమందో నస మాస్టారు ఒక కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టి, ఏమీ అనకుండా డైరెక్టరు బల్ల మీద పెట్టాడు. మర్నాడు ఆవిడ పిచ్చుకను పిలిచి, అనుమతులన్నీ సక్రమంగా తీసుకుని చెయ్యాలంటే ఎన్ని నెలలు పడుతుందని అడిగింది.

అయిదు నెలలు పట్టింది. కమిటీ ఆమెకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, కొత్త ప్రయోగానికి అనుమతినిచ్చింది. ఎదుటివాళ్ళకు పని నేర్పి బతికేవాళ్ళ కోసం యూనివర్సిటీయే ప్రకటన వేసింది. డ్రైవింగు నేర్పేవాళ్ళు ఏడుగురు, ఈత నేర్పేవాళ్ళు ముగ్గురు, పియానో టీచరు ఒకావిడ వచ్చారు. వాళ్ళను ఏమని అడగాలో, ఏ మాట అంటే వాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుందో పిన్ని చెప్పింది. బంధువు గనక రిమోటు మాత్రం ముట్టుకోలేదు.

ఈసారి పిచ్చుక ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఆడేముందు ప్రతి ఒక్కరికీ వాడుకమాటల్లో చెప్పేది: మీరు నొక్కే బటన్లతో పాటు మీకు తెలియని మీ అలవాట్లు కూడా ఈ యంత్రం పట్టుకోవచ్చు అని. ఆడటం అయ్యాక వాళ్ళ ఆట వాళ్ళకే వేసి చూపించేది. ఇది నాది, ఇది ఇవ్వను అనుకున్న ముక్కను కత్తిరించుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఈత మాస్టార్లలో ఒకాయన ఒక్క సెకను కూడా తీసెయ్యకపోగా, ఇంట్లో ఆవిడకు చూపించాలని కాపీ అడిగాడు. పియానో టీచరు మధ్యలోంచి పది నిమిషాలు తీసేసింది. ఆ పది నిమిషాల్లో ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు పిచ్చుకకు. ఆమె అడగలేదు.

ఇలా తయారైన జోడీ, పిన్నిని చూసి నేర్చుకున్న మొదటిదంత గొప్పగా లేదు. అప్పుడప్పుడు తడబడేది. అయితే ఆడేవాళ్ళు లేచిపోవడం మానేశారు. డైరెక్టరు దాన్ని ఆటలో పెట్టి విడుదల చేసింది. కొన్నాళ్ళకు ఒకాయన కంపెనీకి రాశాడు, ఉద్యోగం మారి కొత్త ఊరొచ్చాననీ, ఇక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరనీ, నిన్న జోడీ చేత కాక నిలబడిపోతే తనే బీరువాను మలుపు తిప్పాననీ. ఆ ఉత్తరం డైరెక్టరు ప్రింటు తీసి గోడకు అంటించింది.

పిన్ని కూడా ఒక సెలవురోజున దానితో ఆడింది. వసారా చివరి మలుపు దగ్గర జోడీ ఒక్క క్షణం తటపటాయించి, నడిచిపోయింది.

"ఇది నాలా లేదే," అంది పిన్ని.

"లేదు పిన్నీ. పదకొండుమందిలా ఉంది."

పిన్ని తల ఊపి, ఇల్లు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆడింది. గ్లాసులు నాలుగు పగిలాయి, అన్నీ పిన్ని పగలగొట్టినవే.

ఈలోగా నస మాస్టారు డ్రైవింగు స్కూల్లో చేరాడు. ఇన్నేళ్ళూ కారంటే భయమని ఎవరికీ తెలియనివ్వని మనిషి, పిన్ని పేరు చెప్పి ఆవిడ దగ్గరే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మొదటి క్లాసు కాగానే, కారులో ఉన్న లోపాలు పదమూడు రాసి ఇచ్చాడట. ఇరవై రెండేళ్ళలో తనకిలాంటి శిష్యుడు తగల్లేదని పిన్ని విసుక్కుంటూనే, వాటిలో తొమ్మిది నిజమేనని బాగుచేయించింది. వారానికి రెండు క్లాసులు కాస్తా మూడయ్యాయి. పిచ్చుక దాని గురించి ఏదో అనబోతే, నీ థీసిస్ సంగతి చూసుకో అంది పిన్ని.

థీసిస్ నాలుగో అధ్యాయంలో మొదటి జోడీ కథ ఉంది. తాను చేసిన తప్పును పిచ్చుక దాచలేదు. పిన్ని ప్రమాదం మాట మాత్రం రాయలేదు. ఆడిన మనిషి అనుమతి లేకుండా ఆమె గతంలోని ఒక విషయం బయటపడిందని రాస్తే చాలని, ఆ వాక్యం వరకూ పిన్నే చదివి ఒప్పుకుంది. చదివి, ఇందులో కామా ఎక్కువైందని కూడా అంది.

మౌఖిక పరీక్ష రోజున పిన్ని, నస మాస్టారు బయట వరండాలో బెంచీ మీద కూచున్నారు. లోపల ఇద్దరు పరీక్షకులు, ఒక పక్కగా ప్రొఫెసరుగారు. రెండు గంటలు లెక్కలూ పట్టికలూ అయ్యాక, బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు కాగితాలు పక్కన పెట్టింది. మొదటి జోడీయే బాగుండేదని మీరే రాసుకున్నారు, దాన్ని చెరిపెయ్యడం శాస్త్రానికి నష్టం కాదా అని అడిగింది.

"నష్టమేనండి," అంది పిచ్చుక. "ఎంతో కూడా నాలుగో అధ్యాయంలో రాశాను."

"ఆవిడ ఉంచుకోమన్నారని కూడా రాశారు. అలాంటప్పుడు ఎందుకు ఉంచుకోలేదు?"

డైరెక్టరు అడిగిన ప్రశ్నే అది. ఏడాదిన్నర పాటు దానికి పిచ్చుక పుస్తకాల్లో జవాబులు వెతికింది, మంచివి రెండు మూడు దొరికాయి కూడా. అవేవీ ఆ క్షణాన గుర్తు రాలేదు.

"ఆవిడ మా పిన్ని అండి," అంది. "నాకోసం ఒప్పుకుంది. తనకోసం కాదు."

పరీక్షకురాలు, ఆ కత్తిరించుకునే పద్ధతి తన దగ్గరి విద్యార్థులకు వాడుకోవచ్చా అని అడిగి, ఒక కాగితం మీద ఏదో రాసుకుంది.

చిన్న చిన్న దిద్దుబాట్లతో డిగ్రీ ఇవ్వవచ్చని తేల్చారు. పిచ్చుక బయటికొచ్చి ఆ మాట చెబితే, దిద్దుబాట్లంటే తప్పినట్టా అని పిన్ని కంగారుపడింది. పరీక్షకులు పట్టుకున్న అచ్చుతప్పులు పంతొమ్మిదని పిచ్చుక చెప్పగానే నస మాస్టారు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ఆయన థీసిస్ మొత్తం చదివాడట, రెండుసార్లు. ఆయన పట్టుకున్నవి నలభై మూడు.

ఇంటికెళ్ళి ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ కూచున్నారు. నస మాస్టారు పేజీ అంకె, లైను అంకె చెబుతుంటే పిన్ని ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తోంది, పిచ్చుక కంప్యూటర్లో దిద్దుతోంది. పన్నెండో తప్పు తప్పే కాదని పిచ్చుకా నస మాస్టారూ వాదించుకుంటుండగా పిన్ని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.